స్టొకాస్టిక్ స్క్రీన్, రెండేళ్ల వాడకం: చీర బాగుంది, చీర వెనక రంగే ఏడిపించింది

చీర ఫొటో ప్రింట్ చేస్తే కుచ్చిళ్ల దగ్గర నీళ్లలో అలల్లా లేచే గీతలు ఉంటాయి చూశారా, వాటిని స్టొకాస్టిక్ స్క్రీన్ (రంగు చుక్కల్ని వరసల్లో కాకుండా చెదురుగా పెట్టే పద్ధతి) తుడిచిపెట్టినంత శుభ్రంగా ఇంకేదీ తుడవదు. చీరల కేటలాగులు ఎక్కువగా వేసేవాళ్లకు ఈ ఒక్కదాని కోసమే రిప్‌లో (ఫైల్‌ని ప్రింట్ చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఆ ఆప్షన్ ఉండాలి. తిట్టాల్సింది కూడా ఉంది, అది చీరలో కాదు, చీర వెనక పరిచే సాదా టింట్‌లో, అంటే చుక్కలతో పలచన చేసిన ఒకే రంగులో. ఏఎం అంటే వరసల చుక్కలు, ఎఫ్ఎం అంటే ఈ చెదురు చుక్కలు, అంతకన్నా పాఠం ఇక్కడ అక్కర్లేదు, నేరుగా పనిలోకి వెళ్దాం.

వాడింది టోనర్ (పొడి రంగు) ప్రొడక్షన్ మెషిన్, ఇంజిన్ 1200 డీపీఐ, అంటే అంగుళానికి 1200 పిక్సెల్స్. కాగితం ఎక్కువగా 130, 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. రిప్‌లో 150 డాట్, 175 డాట్, 200 లైన్, స్టొకాస్టిక్ అని నాలుగు ఉన్నాయి. మొదటి మూడూ వరసల స్క్రీన్లే, అంకె అంటే అంగుళానికి అన్ని వరసలు. ఇంక్‌జెట్‌వాళ్లకు ఇందులో చాలా భాగం వర్తించదు. వాళ్ల మెషిన్లు ఎప్పటినుంచో చెదురు చుక్కలతోనే వేస్తున్నాయి.

ఆ అలల గీతలు (మోయిరే) ఎందుకు లేస్తాయో లెక్క వేస్తే తేలిపోతుంది. నేతలో అంగుళానికి 72 పోగులు ఉన్నాయనుకోండి. పేజీలో చీర సగం సైజుకి దిగితే అవి 144 అవుతాయి, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) ఫొటో అంతవరకు పట్టుకోగలదు. 150 డాట్ స్క్రీన్ అంగుళానికి 150 వరసల చుక్కలు పెడుతుంది. పోగు వాలు, స్క్రీన్ కోణం ఒకే దారిలో పడ్డాయంటే 150లోంచి 144 పోగా మిగిలిన 6 అలలు అంగుళంలో కనిపిస్తాయి. ఒక్కో అల 4 మిల్లీమీటర్ల పైమాటే, చేయి చాచి పట్టుకుని చూసినా కనిపించేంత వెడల్పు. సయాన్ 15 డిగ్రీలు, నలుపు 45, మెజెంటా 75, పసుపు 0 అని కోణాలు విడగొట్టుకున్నా లాభం లేదు. కట్టిన చీర కదా, ఏదో ఒక మడత ఏదో ఒక కోణానికి దొరికిపోతుంది. మంగళగిరి సన్న చెక్స్, గద్వాల జరీ అంచు ఈ విషయంలో బాగా మొండివి.

200 లైన్‌కి మారిస్తే అదే చీరకి తేడా 56కి పెరుగుతుంది, అల అర మిల్లీమీటరు లోపుకి పడిపోతుంది, పెద్దగా కంటికి ఆనదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అదీ తప్పు కాదు. కాకపోతే డిజైనర్ ఫొటోని 450 పీపీఐతో ఉంచి చీరని ఇంకా కుదించాడంటే పోగులు 195 దాకా వెళ్తాయి, అప్పుడు 200తోనూ తగువే. స్టొకాస్టిక్‌లో అసలు వరసే లేదు కాబట్టి పోగులు తగువు పెట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఒక్క జాగ్రత్త: కెమెరాలోనే పడిన మోయిరేని ఏ స్క్రీనూ తీయదు. ఫొటోషాప్‌లో 100 శాతం దగ్గర చూసి, 200కి పెంచి చూడండి. జూమ్ మారినప్పుడు గీతల ఆకారం కూడా మారిపోతే అది మానిటర్ గొడవ. మారకుండా ఫొటోతోపాటే పెద్దదైతే అది ఫైల్‌లోనే ఉంది, రిటచ్ చేసేవాళ్ల దగ్గరికి వెనక్కి పంపాలి.

ఇక అసలు తంటా. పేజీ నిండా లేత గులాబి, మెజెంటా 40 శాతం ఒక్కటే, ఇంకే రంగూ కలపలేదు. దాని మీద కత్తిరించిన చీర ఫొటో, కింద మెత్తటి డ్రాప్ షాడో (నీడ). ప్రింట్ బయటికి వచ్చాక చీర చుట్టూ నిలువు చదరం ఒకటి, మిగతా గులాబి కన్నా ఒక వన్నె ముదురుగా, అంచులు స్కేలు పెట్టి గీసినట్టు. మానిటర్‌లో లేదు. ఇంక్‌జెట్ ప్రూఫ్‌లో లేదు. ఆ చదరంలోకి వచ్చిన ధర అక్షరాలు, 8 పాయింట్ల మెరూన్ టింట్, వత్తుల దగ్గర కొరికేసినట్టు తెగాయి. చదరం బయట అదే సైజు అక్షరాలు బాగానే ఉన్నాయి.

ఇలాంటిది వస్తే అందరి వేలూ ముందు ఫైల్ మీదికే పోతుంది. ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శక పొరలు) బ్లెండ్ ఆర్జీబీలో (మానిటర్ రంగుల్లో) ఉందా, షాడో ఓవర్‌ప్రింట్ అయిందా (కింది రంగు మీదే పడిందా), స్పాట్ రంగు (విడిగా కలిపిన ప్రత్యేక రంగు) ఏదైనా దాక్కుందా అని వెతుకుతారు. అవన్నీ చూశాం. ఆక్రోబాట్ అవుట్‌పుట్ ప్రివ్యూలో చదరం లోపల 40, బయట 40. ఫైల్‌లో తప్పు లేదు. మొత్తం జాబ్‌ని 150 డాట్‌లో వేస్తే చదరం మాయం. అప్పుడు 30 రెట్ల లూప్ (భూతద్దం) కింద పెట్టి అంచు దగ్గర చూస్తే కథ అర్థమైంది. గీతకి ఇటు వైపు చుక్కలు వరినాట్ల వరసల్లా ఉన్నాయి, అటు వైపు నేల మీద ఒలికిన బొంబాయి రవ్వలా ఉన్నాయి.

కారణం ఏమిటంటే, రిప్‌లో స్టొకాస్టిక్‌ని ఫొటోలకు మాత్రమే, గ్రాఫిక్స్‌కీ టెక్స్ట్‌కీ 175 డాట్ అని విడివిడిగా ఇచ్చి ఉంది. చూడ్డానికి తెలివైన ఏర్పాటు. కానీ డ్రాప్ షాడో అనేది ఫొటో జాతి వస్తువు, అది పరిచే పెట్టె నలుచదరం. షాడో మెత్తబడి సున్నా అయిపోయిన చోట కూడా పెట్టె ఉంటుంది. పీడీఎఫ్ ఎక్స్-1ఏగా (పారదర్శక పొరలు ఉండనివ్వని ప్రింట్ ఫైల్ రకం) చదును చేసినప్పుడు ఆ పెట్టె కింద ఉన్న టింట్ ముక్క కూడా ఫొటోగా మారిపోతుంది, షాడో కింది పొరలో ఉన్న అక్షరాలు కూడా అంతే. రిప్ దానికి ఫొటో స్క్రీన్ వేస్తుంది. రంగు విలువ అదే 40, స్క్రీన్ మాత్రం వేరు.

స్క్రీన్ మారితే వన్నె ఎందుకు మారాలి? టోనర్ అంచు దగ్గర పరుచుకుంటుంది, కాగితం లోపల వెలుగు కూడా అంచు దగ్గరే చిక్కుకుంటుంది. అంచు ఎంత పొడవుంటే డాట్ గెయిన్ (చుక్క ఉబ్బి రంగు ముదరడం) అంత. చదరపు అంగుళంలో 40 శాతం మెజెంటాని 150 డాట్‌లో వేస్తే 22,500 చుక్కలు, వాటి చుట్టుకొలతలన్నీ కలిపితే ఎనిమిదిన్నర మీటర్లు. మా స్టొకాస్టిక్ చుక్క రెండు పిక్సెల్స్ బై రెండు, అంటే 42 మైక్రాన్ల చదరం. అదే 40 శాతానికి 1,44,000 చుక్కలు కావాలి, విడివిడిగా లెక్కేస్తే 24 మీటర్ల అంచు. పక్కపక్కన అంటుకున్నవి తీసేసినా 150 డాట్ కన్నా బాగా ఎక్కువే. 175 డాట్‌తో పోల్చినా కథ అదే.

కొలత కూడా పెట్టాం. కాగితాన్ని సున్నా చేసుకుంటే సాలిడ్ (100 శాతం) మెజెంటా సాంద్రత 1.40. చదరం బయట టింట్ 0.36, లోపల 0.40. మర్రే-డేవిస్ సూత్రంలో (సాంద్రతని చుక్కల శాతంగా మార్చే లెక్క) వేస్తే బయట 59 శాతం, లోపల 63 శాతం. నాలుగు శాతం తేడాని ఒక ముఖంలోనో చీరలోనో ఎవరూ పట్టుకోలేరు. రెండు సాదా వన్నెలు అంచుకి అంచు ఆనుకున్నప్పుడు మాత్రం చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. కాలిబ్రేషన్ (కొలిచి రంగు సరిదిద్దడం) చేసుకుంటే పోతుంది కదా అంటారు. మా రిప్ ఒక్కో కాగితానికి ఒక్క కాలిబ్రేషనే తీసుకుంటుంది, అదీ ఒక స్క్రీన్‌తో వేసిన ప్యాచ్‌ల మీదే. 175తో చేస్తే స్టొకాస్టిక్ ముదురుతుంది, స్టొకాస్టిక్‌తో చేస్తే 175 పాలిపోతుంది. ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో కర్వ్ (సరిదిద్దే లెక్క) పెట్టుకోనిచ్చే రిప్ ఉన్నవాళ్లకు ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

పీడీఎఫ్ ఎక్స్-4గా పంపి ట్రాన్స్‌పరెన్సీని చదును చేయకుండా వదిలితే సరిపోతుందని సలహా వస్తుంది. అక్షరాల వరకు కొంత మేలు. చదరం మాత్రం పోలేదు, పొరలు కలిపేటప్పుడు రిప్పే షాడో పెట్టె మొత్తాన్ని ఫొటోగా ముద్రేస్తోంది. చివరికి పనికొచ్చింది మొరటు దారి. వెనక టింట్‌నీ షాడోనీ చీరతో కలిపి ఫొటోషాప్‌లోనే సీఎంవైకే (నాలుగు ప్రింట్ రంగులు) 300 పీపీఐ ఒకే ఫొటోగా చేసి, బ్లీడ్ (కత్తిరింపుకి వదిలే అదనపు అంచు) 3 మిల్లీమీటర్లతో పేజీ నిండా పరచడం. అక్షరాలన్నీ దానికి పైన, వేరే పొరలో, నలుపు 100 శాతం. అప్పుడు పేజీ అంతా ఒకే స్క్రీన్, గీత పడే చోటే ఉండదు. ధర మారితే పై పొర ఒక్కటే మారుతుంది. ఫైల్ బరువెక్కుతుంది, కస్టమర్ వెనక రంగు మార్చమంటే మళ్లీ మొదటికి వస్తుంది. మెరూన్ అక్షరాలే కావాలని పట్టుబడితే 12 పాయింట్ల కింద ఒప్పుకోకపోవడమే మంచిది. తెలుగులో గుడి, సుడి, వత్తు అన్నీ సన్న గీతలే, టింట్‌లో ముందు తెగేవి అవే.

పేజీ అంతా స్టొకాస్టిక్ అయితే చదరం పోతుంది గానీ టింట్ మీద రవ్వ కనిపిస్తుంది. 42 మైక్రాన్ల చుక్క 150 డాట్‌లో అయితే 5, 6 శాతం టింట్‌లోనే ఉంటుంది, అంటే దాదాపు తెల్లగా ఉన్నచోట. స్టొకాస్టిక్‌లో అన్ని వన్నెలూ ఆ సైజు చుక్కల మీదే నిలబడాలి. డ్రమ్ (టోనర్ అంటి కాగితానికి చేరే రోలరు) మీద అంత చిన్న చుక్కకి పడే ఛార్జి లోతు తక్కువ, టోనర్ ఒకదానికి అంటుతుంది, పక్కదానికి అంటదు. పెద్ద చుక్కలో ఆ తేడా కలిసిపోతుంది, చిన్నదాంట్లో మచ్చగా మిగులుతుంది. కొత్త డ్రమ్, కొత్త డెవలపర్ (టోనర్‌ని డ్రమ్‌కి అందించే పొడి) ఉన్నప్పుడు నున్నగా వస్తుంది. అవి సగం వయసుకి వచ్చేసరికి 20 నుంచి 50 శాతం టింట్ మీద మబ్బు మబ్బుగా తేలుతుంది. వానాకాలం తెరిచి వదిలేసిన రీములో కాగితం తేమ పట్టి టోనర్ సరిగా దిగక ఇంకా ఎక్కువ. కవరు చింపిన రీముని మెషిన్ ఉన్న ఏసీ గదిలోనే, మళ్లీ చుట్టిపెట్టి ఉంచాలి.

చీర కట్టుకున్న మోడల్ ముఖానికి కూడా ఇది బాగుంటుందని వాడిన మొదట్లో అన్నాం. ముఖం బొటనవేలి గోరంత ఉన్నంతవరకు బాగుంటుంది. ముఖం పేజీ నిండా ఉన్న కవరు ఫొటోకి, అందులోనూ డ్రమ్ పాతబడ్డాక, బుగ్గల మీద ఇసక చల్లినట్టుంటుంది. అలాంటి కవర్లు ఇప్పుడు 200 లైన్‌లోనే వేస్తున్నాం, లోపలి పేజీలు మాత్రం స్టొకాస్టిక్.

పనిలో సగానికి పైగా చేనేత, జరీ, నగల ఫొటోలు ఉండి, వెనక తెలుపో సాదా నలుపో పెట్టేవాళ్లయితే ధైర్యంగా వాడొచ్చు. విజిటింగ్ కార్డులు, లెటర్‌హెడ్లు, లేత రంగు పరిచిన శుభలేఖలే ఎక్కువైతే 175 డాట్ మీదే ఉండండి, మోయిరే వచ్చిన ఒక్క జాబ్‌కి దీన్ని ఆన్ చేసుకోండి. రెండూ కలిపి వాడేవాళ్లు ఎస్టిమేట్ ఇచ్చే ముందే పేజీలో డ్రాప్ షాడో ఉందో లేదో అడగండి. పైన చెప్పిన 59, 63 మా మెషిన్‌వి, ఆ రోజు ఉన్న డ్రమ్‌వి. డ్రమ్ మార్చిన మర్నాడు అదే ఫైల్ వేస్తే తేడా రెండు శాతానికి దిగింది, చదరం మాత్రం ఎండలో పెట్టి చూస్తే ఇంకా కనిపిస్తూనే ఉంది.