అపార్ట్‌మెంట్ మురుగులో వైరస్ పరీక్ష: బెంగళూరు ల్యాబ్ సర్వీసుపై సమీక్ష

సొంత ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఉన్న అపార్ట్‌మెంట్లలో వారం వారం మురుగు తీసుకెళ్లి వైరస్‌లు వెతికిపెట్టే సర్వీసును బెంగళూరులో ఒక ప్రైవేటు ల్యాబ్ ఇస్తోంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు అసోసియేషన్లలో తెలుగువాళ్లు దీని గురించి తెగ అడుగుతున్నారు. ల్యాబ్ లోపల జరిగే పనికి పెద్దగా వంక పెట్టలేం. చిక్కంతా శాంపిల్ తీయడంలో, రిపోర్టు రాయడంలో ఉంది.

పద్ధతి మాత్రం నమ్మదగినదే. పోలియో కోసం ముంబయి మురుగును 2001 నుంచి పరీక్షిస్తున్నారు. 2022లో బెంగళూరులోనే 28 ఎస్‌టీపీల శాంపిళ్లతో కోవిడ్ తీరు గమనించారు. జ్వరం రాని వాళ్లు, టెస్టుకు వెళ్లని వాళ్లు కూడా లెక్కలోకి రావడం దీని బలం.

ల్యాబ్ మనిషి వచ్చి ఇన్‌లెట్ దగ్గర, అంటే ప్లాంటులోకి మురుగు వచ్చే చోట, ఒక్క మగ్గు ముంచి సీసా నింపేస్తాడు. ఇది పనికిరాదు. ఆ నిమిషంలో ఎవరు ఫ్లష్ చేస్తే వాళ్లదే అందులోకి వస్తుంది. ఆటోశాంప్లర్ (తనంతట తానే కొంచెం కొంచెంగా శాంపిల్ తీసే యంత్రం) లేకపోతే ఉదయం 6 నుంచి 10 దాకా అరగంటకోసారి 100 మి.లీ. తీసి, బకెట్‌లో కలిపి, అందులోంచి 500 మి.లీ. సీసాలో పోయాలి. మన ఎస్‌టీపీ ఆపరేటర్‌కు చూపిస్తే ఆయనే చేసేస్తాడు. ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి పంపే తొట్టి) జోలికి మాత్రం పోవద్దు. అక్కడ పాత బురద తిరుగుతూ ఉంటుంది, ఎప్పటి వైరస్సో తెలియదు.

మన అపార్ట్‌మెంట్లలో ఇంకో తిరకాసు ఉంది. శుద్ధి చేసిన నీళ్లే మళ్లీ ఫ్లష్ ట్యాంకుల్లోకి వస్తాయి. వాటిలో క్లోరిన్ ఎక్కువ కలిపితే వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ దెబ్బతిని, వైరస్ ఉన్నా లేనట్టు వస్తుంది. సీసాలో ముందే క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ కాస్త వేసి ఇమ్మని అడగండి. వీళ్ల కిట్‌లో అది లేదు. ఐస్ ప్యాకులు మాత్రం బాగా ఇస్తారు. శాంపిల్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి, గడ్డకట్టకూడదు, 24 గంటల్లోపు ల్యాబ్ చేరాలి.

ల్యాబ్‌లో పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం), ఉప్పు కలిపి వైరస్‌ను అడుగుకు దింపి, ఆర్‌ఎన్‌ఏ తీసి ఆర్‌టీ-పీసీఆర్ చేస్తారు. మెచ్చుకోవాల్సింది వీళ్లు పెట్టే కంట్రోల్‌ను, అంటే పోల్చి చూసుకోవడానికి కొలిచేదాన్ని: పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్. ఇది మిరప మొక్కల వైరస్, మనుషులకు జబ్బు చేయదు, కారం తిన్నవాళ్ల మలంలో బయటికి వస్తుంది. పూటపూటకీ పచ్చడి కలుపుకునే మన ఇళ్లలో దీనికి లోటుండదు. వాననీళ్లు లైన్లోకి చేరి మురుగు పలచబడితే కోవిడ్ వైరస్‌తో పాటు ఇదీ తగ్గుతుంది. కాబట్టి రెండింటి నిష్పత్తి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇంత చేసీ రిపోర్టులో ఆ నిష్పత్తి వేయరు! పైన ఎర్రగా ‘పాజిటివ్’ అని మాత్రం ఉంటుంది. అది చూసి వాట్సాప్ గ్రూపులో గగ్గోలు.

సీటీ విలువలు, అంటే పీసీఆర్‌లో వైరస్ కనబడటానికి ఎన్ని రౌండ్లు పట్టాయో ఆ అంకెలు, అడిగి తీసుకోండి. సీటీ సుమారు 3.3 తగ్గిందంటే వైరస్ పది రెట్లు పెరిగినట్టు. ఆర్‌ఎన్‌ఏను పదింతలు పలచన చేసి కూడా నడిపారా అని అడగండి. అలా చేసినా సీటీ దాదాపు అంతే ఉంటే, మురుగులోని పదార్థాలేవో పీసీఆర్‌కు అడ్డుపడుతున్నాయని అర్థం. ఇక ఎంతమందికి సోకిందన్నది ఇందులో తేలదు, ఒక్కొక్కరి నుంచి వైరస్ ఒక్కో మోతాదులో పడుతుంది. ఒకే రోజు, ఒకే వేళకు వారం వారం తీసిన శాంపిళ్లలో గీత పైకి పోతోందా, కిందికా అన్నదే చూడాలి.

రిపోర్టుకు అయిదు రోజులు పట్టడం పెద్ద లోపం. కేసులు బయటపడేకన్నా కొన్ని రోజుల ముందే మురుగు చెబుతుందని కదా ఈ ఖర్చు, ఆ రోజులన్నీ ఇక్కడే పోతున్నాయి.

హెపటైటిస్ ఎ కూడా చేస్తారు, తీసుకోవడం మంచిదే. కానీ మురుగులో అది కనబడితే ఎవరికో సోకిందని మాత్రమే అర్థం, సంపు నీళ్లు చెడ్డాయని కాదు. తాగే నీటికి వేరే పరీక్ష చేయించాలి. బ్లాకువారీగా శాంపిళ్లు తీస్తామంటే ఒప్పుకోకండి, నాలుగు ఇళ్ల మీద వేలు చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఏడాది ప్యాకేజీ వద్దు. శాంపిల్ అందిన 48 గంటల్లో నిష్పత్తితో సహా రిపోర్టు ఇస్తామని రాసిస్తే మూడు నెలలకు తీసుకోండి.