బ్లాక్‌బర్న్‌లో ఒక శనివారం: మెత్తని మనుషులు, మోసపు లాడ్జి

ముందే చెప్తున్నాను, బ్లాక్‌బర్న్‌లో రాత్రి బస పెట్టుకోకండి. మ్యాచ్ చూసి, సాయంత్రం రైలుకే మాంచెస్టర్ వెళ్లిపోండి. మేం అలా చేయక 78 పౌన్ల అద్దె కట్టి, పైన మరో 20 పౌన్లు పోగొట్టుకుని, రాత్రంతా చలికి ముడుచుకుని కూర్చున్నాం. ఊరు మాత్రం తప్పకుండా చూడాల్సిన ఊరు. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను.

నాకు తణుకు దగ్గర లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల ఫారం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా మా షెడ్లలో పెరిగేవి వెంకటేశ్వర హేచరీస్ వాళ్ల బి.వి.300 పిల్లలే. ఆ సంస్థని 1971లో మొదలుపెట్టిన బి.వి. రావుగారంటే మా కోళ్ల రైతులకి ఇంటి పెద్దలాంటివారు. గుడ్డు రేటు దళారి కాదు, రైతు చెప్పాలన్నారు. 1982లో గుడ్డు రేటు చెప్పే రైతుల సంఘం ‘నెక్’ ఏర్పడింది ఆయన చొరవతోనే. 2010 నవంబరులో ఆయన పిల్లలు ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుని 23 మిలియన్ పౌన్లకి కొన్నారు. అక్కడి ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై అంచె ప్రీమియర్ లీగ్. ఆ లీగ్ క్లబ్బు ఒకటి భారతీయుల చేతికి రావడం అదే మొదలు. ఆ వార్త చదివిన రోజు మా మేత కొట్టు దగ్గర పదిమందిమి చేరి పొద్దుపోయేదాకా అదే మాట్లాడుకున్నాం. ఎప్పటికైనా ఆ గ్రౌండు చూడాలని అప్పుడే అనుకున్నాను. పోయిన నవంబరులో మాంచెస్టర్‌లో ఉంటున్న అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు కుదిరింది.

అబ్బాయికి సెలవు దొరకలేదు. నేనూ మా ఆవిడా బయల్దేరాం. ఫుట్‌బాల్ అంటే ఆవిడకి ఏమాత్రం ఇష్టం లేదు. పైగా కార్తీకమాసం. మాంసం, గుడ్డు ముట్టం. “ఆ చలిలో, ఏమీ తినకుండా, ఎవరో బంతి తన్నుకుంటుంటే చూడ్డానికి పోవాలా?” అని స్టేషన్ దాకా గొణుగుతూనే ఉంది.

విక్టోరియా స్టేషన్ పక్కనే, పెద్ద చర్చి ముందు గాంధీగారి కంచు విగ్రహం ఉంది. అక్కడ ఆగి దణ్ణం పెట్టుకున్నాక కొంచెం మెత్తబడింది. రైలు ఛార్జీ రానూపోనూ ఇద్దరికీ 33 పౌన్ల 60 పెన్నీలు. గంట ప్రయాణం. బోల్టన్ దాటాక కుడివైపా ఎడమవైపా అని చూడకుండా కిటికీకే అతుక్కోండి. డార్వెన్ అనే చిన్న ఊళ్లో ఎర్ర ఇటుకల పొగగొట్టం ఒకటి ఊరంతటికీ పైన కనిపిస్తుంది. 303 అడుగులు. ఆ మిల్లు పేరు ఇండియా మిల్. బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల మగ్గాలు మన దేశానికి ధోవతులు నేసి పంపినవే. మన నేతగాళ్ల పొట్ట కొట్టిన బట్ట ఇక్కడిదే. మనవాళ్లు విదేశీ బట్ట మానేశాక పనిలేక వీధిన పడ్డవాళ్లూ ఇక్కడి కూలీలే. 1931 సెప్టెంబరులో గాంధీగారు వచ్చి వాళ్లనే కలిశారు, ఈ డార్వెన్‌లోనే. కోపంతో చుట్టుముట్టాల్సిన ఆడకూలీలు ఆయన చుట్టూ నిలబడి నవ్వుతూ ఫొటో దిగారు. ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. మా ఆవిడ తాతగారిది పొందూరు దగ్గర నేత కుటుంబం. ఆ పొగగొట్టం కనుమరుగయ్యేదాకా తల తిప్పుకుని చూసింది, ఒక్క మాటా మాట్లాడలేదు.

బ్లాక్‌బర్న్‌లో దిగేసరికి పదకొండున్నర. ఆకలి. ఎక్కడ చూసినా ‘పై’లే, పిండి పొర లోపల మాంసం పెట్టి కాల్చినవి. మార్కెట్ దగ్గర ఒక రొట్టెల కొట్లో, అరవై ఏళ్లుంటాయేమో, ఒకావిడ ఉంది. మాంసం వద్దు, గుడ్డు కూడా వద్దు అని మా ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ విసుక్కోలేదు. “అయితే మీకు బటర్ పై పెడతాను” అంది. బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న, మిరియాలు, అంతే లోపలుండేది. శుక్రవారాలు మాంసం మానే కాథలిక్కుల కోసం లాంకషైర్‌లో పుట్టిన వంట అట. అంటే వాళ్లకీ ఒక కార్తీకం ఉందన్నమాట. పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారేమోనని మా ఆవిడ అనుమానం. కొట్టావిడ లోపలికి వెళ్లి వంటవాణ్ణి అడిగి, పాలే పూశామని వచ్చి చెప్పింది. కొవ్వు కూడా వాడలేదని తనంతట తనే చెప్పింది. ఒక్కోటి 2 పౌన్ల 80. వేడివేడిగా, లోపల మెత్తటి బంగాళాదుంప, మిరియపు ఘాటు. మా ఆవిడ రెండు తింది. ఆ దేశంలో ఇరవై రోజులున్నాం, అంత తృప్తిగా తిన్నది ఆ ఒక్క పూటే. దారిలో తినడానికని మరో రెండు కట్టించుకున్నాం.

అక్కణ్ణుంచి గ్రౌండుకి టాక్సీ, ఎనిమిదిన్నర పౌన్లు. మిల్ హిల్ స్టేషన్‌లో దిగితే మైలు నడక అంతే, కానీ నా మోకాళ్లు ఒప్పుకోలేదు. డ్రైవరు గుజరాతీ ముస్లిం, తాతల కాలంలో మిల్లు పనికి వచ్చిన కుటుంబం. 2022లో రంజాన్ పండగ నమాజు రోవర్స్ గ్రౌండు గడ్డి మీదే చేశారని, ఈ దేశంలో ఏ ఫుట్‌బాల్ క్లబ్బూ అంతకుముందు అలా చోటివ్వలేదని గర్వంగా చెప్పాడు. వాళ్ల నాన్న అప్పటిదాకా గ్రౌండు లోపలికి అడుగు పెట్టలేదట.

ఈవుడ్ పార్క్‌లో 31 వేల పైచిలుకు మంది పట్టేంత స్టాండ్లున్నాయి. ఊరి జనాభాయేమో లక్ష పైన. మేం వెళ్లిన రోజు సగం కూడా నిండలేదు. టికెట్లు నాకు వృద్ధుల రేటులో 22, మా ఆవిడకి 28 పౌన్లు. రివర్‌సైడ్ స్టాండు తీసుకోవద్దు, అది పాతది, చూపుకి స్తంభాలు అడ్డొస్తాయి. మాకు అదే దొరికింది. అయితే అక్కడ కూర్చోబట్టే ఆ పెద్దాయన పక్కన చోటు దొరికింది.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. సగం నీలం, సగం తెలుపు మఫ్లరు. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అనగానే “పుణేనా?” అన్నాడు, గొంతు కాస్త బిగిసింది. క్లబ్బు యజమానుల కంపెనీ పుణేదే, అందుకని నాకు అర్థమైంది. పుణే కాదు, యజమానుల కంపెనీ కోడిపిల్లల్ని పెంచే రైతునని చెప్పాను. కాసేపు గ్రౌండుకేసే చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు, మ్యాచ్ అయ్యేదాకా ఆగలేదు.

1875లో ఇద్దరు బడి స్నేహితులు పదిహేడు మందిని హోటల్లో కూడదీసి పెట్టిన క్లబ్బు అట ఇది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ దొరబిడ్డల ఆట. 1882లో లండన్ దాకా వెళ్లి, ఇంగ్లండ్ క్లబ్బులు పోటీపడే ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో ఓల్డ్ ఈటోనియన్స్ అనే దొరల జట్టు చేతిలో 1-0తో ఓడారు. మరుసటేడు ఇదే ఊరి బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు, నేతపనివాళ్లూ కూలీలూ కలిసి, అదే దొరల జట్టుని 2-1తో కొట్టి కప్పు తెచ్చింది. ఆ తర్వాత 1884, 85, 86 వరసగా మూడేళ్లు రోవర్స్‌దే. మిల్లులకి శనివారం మధ్యాహ్నం సెలవివ్వడం వల్లే మనుషులకి ఆడటానికీ చూడటానికీ తీరిక దొరికిందని, మూడింటికి మ్యాచ్ మొదలవడం ఆనాటి అలవాటేనని చెప్పాడు. 90లో, 91లో మళ్లీ గెలిచారు. ఆ పాత కప్పు 1895లో బర్మింగ్‌హామ్‌లో ఒక కొట్టు అద్దంలోంచి దొంగలెత్తుకుపోయారు. ఆరుసార్లు ఈ ఊరికొచ్చిన కప్పు ఇక దొరకనే లేదు. ఆ మాట అంటుంటే నిన్నగాక మొన్న పోయినట్టుంది ఆయన ముఖం.

1888లో లీగ్ పెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఇదొకటి. 1912, 1914లో విజేతలు. తర్వాత కిందికి జారి చాలా ఏళ్లు కింది అంచెల్లోనే. 1991లో జాక్ వాకర్ వచ్చాడు. ఈ ఊళ్లో పుట్టి, ఉక్కు వ్యాపారంలో సంపాదించి, చిన్నప్పటి క్లబ్బుకి తెచ్చి పోశాడు. కెన్నీ డాల్‌గ్లిష్‌ని మేనేజరుగా పెట్టాడు. గోల్స్ కొట్టే ఆటగాడు అలన్ షియరర్‌ని కొన్నాడు. 1995 మే 14న ప్రీమియర్ లీగ్ సీజనులో ఆఖరి మ్యాచ్ లివర్‌పూల్‌లో. రోవర్స్ 2-1తో ఓడిపోయారు. గ్రౌండంతా చచ్చుబడిపోయింది. అంతలో వెస్ట్ హామ్ దగ్గర మాంచెస్టర్ యునైటెడ్ 1-1తో ఆగిపోయిందని కబురు. 89 పాయింట్లు, 88 పాయింట్లు. ఒక్క పాయింటుతో ఇంగ్లండ్ ఛాంపియన్లు. “నేనక్కడే ఉన్నాను. మా నాన్న ఫొటో జేబులో పెట్టుకుని వెళ్లాను” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మా ఆవిడ సంచిలోంచి చేగోడీలు తీసి చేతిలో పెట్టింది. కరకరలాడించి, ఇంకో గుప్పెడు అడిగి తీసుకున్నాడు.

తర్వాతి కథ నాకు వినాలని లేదు, కానీ విన్నాను. కొత్త యజమానులు వచ్చిన నెలకే మేనేజరు సామ్ అలర్డైస్‌ని తీసేశారు. 2012 మే 7న విగన్ చేతిలో 1-0తో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయారు. ఆ రోజు ఎవరో క్లబ్బు జెండా కట్టిన కోడిని గ్రౌండులోకి వదిలారు. 2017లో ఇంకా జారి మూడో అంచెకి. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత కిందికి పడటం అదే మొదలు. మరుసటేడే పైకి వచ్చారు. “డబ్బు పోస్తున్నారు, కాదనను. ఏటా నష్టం భరిస్తున్నారు. కానీ ఇక్కడికి రారు. వచ్చి ఈ వానలో మా పక్కన కూర్చుంటే చాలు” అన్నాడు. ఆ కుటుంబం తరఫున ఏదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. వాళ్ల కోడిపిల్లలతోనే నా ఇద్దరు పిల్లల చదువులూ సాగాయి. కానీ నేను కూడా వారం రోజులు షెడ్డుకి వెళ్లకపోతే కోళ్లు మేత తగ్గించేస్తాయి. ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను.

మ్యాచ్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు. వాన, దీపాలు, చలి. మా ఆవిడ మాత్రం ఆఖరి పావుగంట ఆయనతో కలిసి చప్పట్లు కొట్టింది. బయట జాక్ వాకర్ విగ్రహం దగ్గర ముగ్గురం ఫొటో దిగాం. మఫ్లరు 15 పౌన్లు పెట్టి కొన్నాను.

ఇక లాడ్జి. పేరు రాయను. లిఫ్టు ఉందని చూసి బుక్ చేశాం, అది పనిచేయడం మానేసి ఎంత కాలమైందో. మూడో అంతస్తు. కౌంటర్లో ఉన్నతను నా మోకాళ్లకేసి చూసి కూడా కింద గది ఖాళీగా ఉన్నది ఇవ్వలేదు, దానికి మరో 15 పౌన్లన్నాడు. హామీ సొమ్మని కార్డులోంచి 50 పౌన్లు గీసుకున్నాడు. రాత్రి పదింటికి హీటరు దానంతటదే ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను మెట్లు దిగి వెళ్తే, యజమాని పెట్టిన టైమరు, మార్చడానికి వీల్లేదు అన్నాడు. ఇద్దరం కోట్లు వేసుకుని, కొన్న మఫ్లరు ఆవిడ తలకి చుట్టి, మిగిలిన రెండు పైలు తిని కూర్చున్నాం. పొద్దున ఫలహారం అద్దెలోనే అన్నారు. రొట్టె, చల్లటి పాలు తప్ప మేం తినేది లేదు.

అదంతా మర్చిపోయేవాణ్ణే. గది ఖాళీ చేసేటప్పుడు దిండు గలీబు తెచ్చి ముందు పడేశాడు. ఎర్రటి మరక. మా ఆవిడ కుంకుమ. రక్తమా అని అడిగాడు, అందరి ముందూ. బొట్టు అని చెప్పాను, ఉతికితే పోతుందన్నాను. 20 పౌన్లు కోసుకుని 30 వెనక్కి ఇచ్చాడు. ఆ దుప్పటి మీద అంతకుముందే ఉన్న కాఫీ మరకలు చూపిస్తే తలకూడా ఎత్తలేదు. డబ్బు పోతే పోయింది. నలభై ఏళ్లుగా పెట్టుకుంటున్న బొట్టుని మురికిలా చూపించాడని ఆవిడ రైల్లో డార్వెన్ వచ్చేదాకా ఏడ్చింది. అబ్బాయి ఫోన్ చేసి గొడవపడ్డాడు, రాతపూర్వకంగా రాశాడు, పైసా రాలేదు. మీరు ఎక్కడ దిగినా గదిలో అడుగుపెట్టగానే దుప్పట్లూ దిండ్లూ ఫొటోలు తీసుకోండి. హామీ సొమ్ము అడిగిన చోట రసీదు మీద కారణాలు రాయించుకోండి.

మొత్తం ఖర్చు ఇద్దరికీ 216 పౌన్లు దాటింది. అందులో 98 ఆ లాడ్జికే. అది తీసేస్తే ఆ రోజుకి పెట్టిన ప్రతి పౌనూ దక్కింది.

మఫ్లరు ఇప్పుడు మా ఫారంలో మేత గదిలో మేకుకి ఉంది. మొన్న కొత్త బ్యాచ్ పిల్లలొచ్చినప్పుడు బండి డ్రైవరు అది చూసి ఏమిటని అడిగితే అరగంట కూర్చోబెట్టి అంతా చెప్పాను. అక్కడ చలికాలంలో మధ్యాహ్నం మూడంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. శనివారాలు పదిన్నర ప్రాంతంలో మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది, “ఏమయ్యిందండీ, ఆ పెద్దాయన వాళ్లు గెలిచారా?” అని.