రెండు ఎల్లోలకా, మూడింటికా? ఊరి టోర్నీలో నిషేధం ఎలా పెడితే మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఫుట్‌బాల్ పోటీలు పెట్టే కమిటీలు గోల్‌పోస్టులు, బహుమతుల గురించి ఎంతో ఆలోచిస్తాయి. కార్డుల లెక్క మాత్రం సెమీస్ నాడు గొడవయ్యాకే గుర్తొస్తుంది. అది ముందే రాసి పెట్టుకోవాలి. ఏ పద్ధతి రాయాలన్నదే ప్రశ్న.

మొదటిది ప్రపంచకప్ పద్ధతి. వేర్వేరు మ్యాచుల్లో రెండు ఎల్లో కార్డులు (తప్పు ఆటకు రిఫరీ చూపే హెచ్చరికలు) పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. 2002లో గ్రూప్ దశ తర్వాత ఒంటి ఎల్లోలు కొట్టేసి, లెక్క మళ్లీ మొదలుపెట్టేవారు. అందుకే సెమీస్‌కు ముందే నాకౌట్‌లో (ఓడితే ఇంటికే అనే దశలో) ఒకటి, సెమీస్‌లో ఒకటి పడిన జర్మనీ ఆటగాడు మిఖాయెల్ బల్లాక్ ఫైనల్‌కు దూరమయ్యాడు. 2010లో ఆ కొట్టివేతను క్వార్టర్స్ తర్వాతికి జరిపారు. ఫైనల్‌కు మంచి ఆటగాళ్లు మిగలాలన్నదే ఉద్దేశం, అది సబబే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొట్టేసేది ఒంటి ఎల్లోను మాత్రమే. రెండోది క్వార్టర్స్‌లోనే పడితే నిషేధం ఖాయమైనట్టే, సెమీస్ ఆడకూడదు. 2010లో జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్, 2014లో బ్రెజిల్ కెప్టెన్ థియాగో సిల్వా అలాగే సెమీస్‌కు దూరమయ్యారు. సిల్వా లేని ఆ మ్యాచ్‌లోనే బ్రెజిల్ 1-7తో ఓడింది. ఇంకో సంగతి: ఒకే మ్యాచ్‌లో రెండు ఎల్లోలతో రెడ్ కార్డు (మైదానం నుంచి బయటకు పంపడం) పడితే దానికి విడిగా ఒక మ్యాచ్ నిషేధం ఉంటుంది. ఆ రెండు ఎల్లోలను మళ్లీ పాత లెక్కలో కలపకూడదు.

రెండోది యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో లాగా మూడు ఎల్లోలకు నిషేధం. నెలల తరబడి సాగే పోటీకి అది బాగుంటుంది. మన దగ్గర 16 జట్లను నాలుగు గ్రూపులు చేసినా ఫైనల్ దాకా వెళ్లే జట్టు ఆడేది ఆరు మ్యాచులే. అందులో మూడు ఎల్లోలంటే ఆటగాడికి భయం ఉండదు. గ్రూపులున్న టోర్నీకి రెండు ఎల్లోల పద్ధతే, క్వార్టర్స్ తర్వాత కొట్టివేతతో సహా, సరిపోతుంది.

నేరుగా నాకౌట్ అయితే సంగతి వేరు. 16 జట్లకు ఫైనల్ దాకా నాలుగే మ్యాచులు. ఓడిన జట్టు ఇంటికి పోతుంది, దాని ఆటగాడి మీద నిషేధం పెట్టి లాభం లేదు. గెలిచిన జట్టు ఆటగాడు కూర్చున్నా, మేలు జరిగేది దెబ్బతిన్న జట్టుకు కాదు, తర్వాత ఎదురుపడే మూడో జట్టుకు. 2010 ప్రపంచకప్ క్వార్టర్స్‌లో ఘనా కొట్టగా గోల్‌లోకి పోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో ఆపాడు, రెడ్ పడింది. ఘనా పెనాల్టీ పోగొట్టుకుని ఓడిపోయింది. సువారెజ్ లేకుండా ఉరుగ్వే సెమీస్ ఆడింది నెదర్లాండ్స్‌తో.

అందుకే నాకౌట్ టోర్నీకి మూడో దారి మేలు: సిన్ బిన్. గ్రామీణ, యువజన స్థాయి పోటీలకు ఆట నియమాలే దీన్ని అనుమతిస్తున్నాయి. ఎల్లో పడ్డవాడు మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం సేపు బయట ఉంటాడు. 90 నిమిషాల ఆటకు 10 నిమిషాలు, 60 నిమిషాల ఆటకు 6 నుంచి 9 నిమిషాలు. ఫౌలుకు గురైన జట్టుకే అదే రోజు లాభం. కాకపోతే గీత బయట గడియారం చూసే మనిషి ఒకడు తప్పనిసరి. రిఫరీ ఒక్కడే అన్నీ చూసుకోవాలంటే లెక్క తప్పుతుంది, అప్పుడు ఈ పద్ధతి జోలికి పోవద్దు.

రెడ్ కార్డుకు మాత్రం ఏ పద్ధతిలోనైనా కనీసం ఒక మ్యాచ్ నిషేధం ఉండాల్సిందే. కొట్లాటకు ఇంకా పెంచాలి.

ఈ సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు పేర్లతో వస్తుంది. ఒకే కుర్రాడి పేరు ఒక షీటులో ఒడియాలో, ఇంకో షీటులో తెలుగులో, మరోదాంట్లో ఇంగ్లిషులో ఉంటుంది. రెండు ఎల్లోలు ఇద్దరి ఖాతాల్లో పడిపోతాయి. టోర్నీ మొత్తానికి ఒక్కొక్కరికి ఒకే జెర్సీ నంబరు ఇచ్చి, జట్టు పేరు, నంబరుతోనే కార్డు రాయండి. మ్యాచ్ కాగానే ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. గ్రూపులో జట్లు అన్నిటా సమమైనప్పుడు కూడా ఆ షీటే తేలుస్తుంది. 2018 ప్రపంచకప్‌లో పాయింట్లు, గోల్స్, ముఖాముఖి అన్నీ సమమైతే, నాలుగు ఎల్లోలున్న జపాన్ ముందుకెళ్లింది, ఆరున్న సెనెగల్ ఆగిపోయింది. తర్వాతి మ్యాచ్‌కు టాస్ వేసేముందు, ఆడకూడని నంబర్లను ఇద్దరు కెప్టెన్లకూ చదివి వినిపించండి.