గుణదల, ఫిరంగిపురం: మొక్కు తీర్చడానికి కాదు, కృతజ్ఞత చెప్పడానికి

విజయవాడలో లూర్దుమాత (మరియమ్మ) పుణ్యక్షేత్రమైన గుణదల కొండకి మనం ఎక్కువగా అడగడానికే వెళ్తాం. పరీక్ష, సంబంధం, ఆపరేషన్. పని జరిగాక మొక్కుబడి చెల్లించి, భోజనం వేళకి బయటపడతాం. లూకా సువార్త 17వ అధ్యాయంలో యేసు వల్ల బాగుపడ్డ పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడే. సెలవుల్లో ఇంటిల్లిపాదీ అతని దారిలో వెళ్ళాలంటే ముందుగా ఏ రోజు వెళ్ళాలో చూసుకోవాలి.

కృతజ్ఞతకైతే ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు వద్దు. లూర్దుమాత తిరునాళ్ళ సందడి చూడదగ్గదే, కానీ ఆ జనంలో పెద్దవాళ్ళనీ పిల్లల్నీ కనిపెట్టుకోవడంతోనే సరిపోతుంది. మామూలు రోజు తెల్లవారుజామునే మేలు. ఎండాకాలంలో పొద్దెక్కితే మెట్లు కాళ్ళు కాలుస్తాయి.

కొండ ఎక్కుతూ జపమాల చెప్పేవాళ్ళు ఆయాసంతో రెండో రహస్యానికే (జపమాలలోని ఐదు భాగాల్లో ఒక్కోదాన్ని రహస్యం అంటారు) ఆగిపోతారు. కాబట్టి ఒక్కో రహస్యానికి ఒక చోట ఆగి పరలోక జపం, పది మంగళవార్త జపాలు, త్రిత్వ స్తోత్రం. మళ్ళీ నడక. రహస్యానికి ఒకరు చొప్పున ఈ ఏడాది అందిన మేలు ఒకటి ముందుగా పేరుపెట్టి చెప్పాలి. "అన్నిటికీ స్తోత్రం" అంటే ఒప్పుకోకండి, అది తప్పించుకునే మాట. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద మాత స్వరూపం దగ్గరే కూర్చుని అంతా చెప్పుకోవచ్చు, లోటేం లేదు.

కృతజ్ఞతా పూజ (దివ్యబలి) చెప్పించాలంటే అప్పటికప్పుడు కుదరకపోవచ్చు. ముందురోజే గుడి ఆఫీసులో పూజ ఎందుకోసమో ఆ ఉద్దేశం రాయించాలి. ఇక పొద్దున ఇడ్లీ సంగతి: సత్ప్రసాదానికి (పూజలో అందుకునే పవిత్ర అప్పానికి) గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. లెక్క పూజ మొదలైనప్పటి నుంచి కాదు, సత్ప్రసాదం తీసుకునే వేళ నుంచి. మంచినీళ్ళు, మందులకు అడ్డు లేదు. ఆదివారం ప్రయాణంలో గడిచేలా ఉంటే శనివారం సాయంత్రం పూజ చూసినా సరిపోతుంది.

బస విజయవాడలోనే నయం. గాంధీనగర్, గవర్నర్‌పేట లాడ్జీలు స్టేషన్‌కీ బస్టాండ్‌కీ దగ్గర, గుణదలకి ఆటో చాలు. రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి, హారన్ల మోతకి రాత్రి జపం సాగదు. సొంత కారుంటే బెంజి సర్కిల్ వైపు చూడొచ్చు, సాయంత్రం ట్రాఫిక్‌కి సిద్ధపడాలి.

గుంటూరు దాటి నరసరావుపేట దారిలో పాతిక కిలోమీటర్ల లోపే ఫిరంగిపురం. బాలయేసు దేవాలయం దగ్గర పిల్లలు గుణదలకన్నా కుదురుగా ఉంటారు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం రెండోచోట అందరి కళ్ళూ గడియారం మీదే. గుంటూరులో ఒక రాత్రి ఆగండి.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, యేసు సభ స్థాపకులు పునీత ఇగ్నాసువారు నేర్పిన ఆత్మశోధన: కృతజ్ఞత, వెలుగు కోసం ప్రార్థన, రోజును తలచుకోవడం, క్షమాపణ, రేపటి తీర్మానం. సగం సమయం మొదటిదానికే ఇవ్వండి. ఆటో నడిపినాయన, గది ఊడ్చినామె కూడా అందులోకి రావాలి. వాళ్ళకి ఆ కృతజ్ఞత మాట ఎదురుగా చెప్పడం, నాలుగు డబ్బులు చేతిలో పెట్టడం గది ఖాళీ చేసే హడావిడిలో మరిచిపోతాం కాబట్టి ఆ డబ్బులు ముందు రాత్రే విడిగా తీసి పెట్టుకోండి.