సెకండ్‌హ్యాండ్ మిల్లింగ్ మెషిన్: పెయింటు కాదు, టేబుల్ మధ్యభాగం చూడండి

బొబ్బిలిలోని మా వర్క్‌షాప్‌లో హెచ్‌ఎంటీ ఎఫ్‌ఎన్2యూ మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రం) ఏళ్లుగా నడుస్తోంది. మూతపడిన ఒక మిల్లు మెయింటెనెన్స్ షెడ్డు నుంచి తెచ్చాం. రైస్ మిల్లు షాఫ్టులకు కీవేలు (గేరు, పుల్లీ జారకుండా కీ బిగించే గాడులు) కొట్టడం, అరిగిన గేర్లకు బదులు కొత్తవి కోయడం దీని పని. ఆ మాత్రానికి కొత్తది కొనక్కర్లేదు. అయితే చూసి కొనాలి.

"పెయింటు వాసన ఇంకా పోలేదు, చూడు బాబూ" అని బ్రోకర్ తెగ మురిసిపోయాడు. నా అనుమానమూ అక్కడే.

మెషిన్ ఎక్కువగా అరిగేది టేబుల్ నడుమే, ఎందుకంటే చిన్న జాబులన్నీ (కోయాల్సిన ముక్కలు) అక్కడే బిగిస్తారు. అందుకే కరెంటు వేయకముందే హ్యాండిల్‌తో టేబుల్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి. మధ్యలో వదులుగా పోతూ చివర్లలో పట్టేస్తుంటే టేబుల్ జారే స్లైడ్ అరిగిపోయినట్టే. జిబ్ (స్లైడ్ సందును సరిచేసే పట్టీ) బిగించి మధ్యలో లూజు కనబడకుండా చేస్తారు కొందరు. అప్పుడు చివరలకు వెళ్లేసరికి హ్యాండిల్ తిరగనే తిరగదు. తర్వాత హ్యాండిల్‌ని వెనక్కి తిప్పి, టేబుల్ కదిలేలోపు ఎంత ఖాళీ తిరిగిందో చూడండి. మాదాంట్లో దాదాపు పావు చుట్టు వచ్చింది. కానీ మధ్యలోనూ చివర్లోనూ ఒకేలా ఉంది కాబట్టి అరిగింది టేబుల్‌ని కదిపే స్క్రూ మీది నట్టే, స్క్రూ కాదు. గన్‌మెటల్ నట్టు చేయించి వేశాం, ఇంతవరకు మళ్లీ ముట్టుకోలేదు. రెండుచోట్లా తేడా ఉంటే స్క్రూ అరిగిందని అర్థం, అది ఖర్చుతో కూడిన పని.

స్పిండిల్ టేపర్ (కట్టర్‌ని తిప్పే ఇరుసులోని ఏటవాలు రంధ్రం) లోపల డయల్ గేజ్ ముల్లు ఆనించి చేత్తో తిప్పాలి. రన్‌అవుట్ (వంకర తిరుగుడు) అక్కడే తెలిసిపోతుంది. టేపర్‌లో గీతలుంటే ఆర్బర్ (కట్టర్ బిగించే కడ్డీ) జారి తిరిగిన గుర్తు. గేర్ బాక్స్‌ని అన్ని స్పీడుల్లోనూ వేడెక్కేదాకా నడపమనండి. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు దాస్తారు, వేడెక్కితే అది పలచబడి అసలు గొంతు బయటపడుతుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పించి కాస్త ఆయిల్ చూడటానికి మొహమాటపడొద్దు. అందులో ఇత్తడి రంగు పొడి మెరిస్తే బేరం ఆపేయడమే మంచిది.

టేబుల్ మీద డ్రిల్లు గాట్లు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మాదానికీ ఉన్నాయి. చుట్టూ లేచిన లోహపు అంచు (బర్) తీసేస్తే చాలు, పనికేమీ అడ్డురావు.

ధర కంటే గట్టిగా అడగాల్సింది వెంట వచ్చే సామాన్ల గురించి. ఆర్బర్లు, వైస్, ముఖ్యంగా ఇండెక్స్ హెడ్ (జాబుని సమాన భాగాలుగా తిప్పే పరికరం), దాని రంధ్రాల ప్లేట్లు. మాది 40:1 హెడ్, అంటే దాని హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే జాబు ఒక చుట్టు తిరుగుతుంది. 27 పళ్ల గేర్ కోయాలంటే ఒక్కో పంటికి ఒక పూర్తి చుట్టు, పైన 27 రంధ్రాల వరసలో 13 రంధ్రాలు జరపాలి. ఆ వరస ఉన్న ప్లేటు లేకపోతే హెడ్ ఉండీ ఆ గేర్ కోయలేం. రేటులోంచి తగ్గించమనండి, లేదా ప్లేట్లు తెచ్చాకే లోడింగ్ అనండి.