స్పోర్ట్స్ కోటా ఫ్రీ సీటు: తిండి బాగుంది, లెక్క దగ్గరే తేడా

మా అక్క కొడుకు వాలీబాల్ ఆడతాడు. నెల్లూరు పక్కన పల్లె. ఇంటర్ అయ్యాక చెన్నై శివార్లలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు ట్రయల్స్‌లో చూసి స్పోర్ట్స్ కోటాలో ఫీజు, హాస్టలు, మెస్ అన్నీ ఫ్రీగా సీటిచ్చారు. లోకల్ గార్డియన్‌గా సంతకాలు పెట్టిందీ, వార్డెన్‌తో మాట్లాడేదీ, ఆదివారాలు వెళ్లి చూసొచ్చేదీ నేనే. ఏడాది అయింది. కాలేజీ పేరు రాయను. కానీ మనవైపు నుంచి వాలీబాల్, కబడ్డీ ఆడే పిల్లలు చాలామంది ఇటే చూస్తుంటారు, వాళ్ల ఇళ్లలోవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నా రేటింగ్ 5కి 3.

ఆ మూడూ దేనికంటే, తిండికీ కోర్టుకీ. ప్లేయర్లకి మెస్‌లో వేరే కౌంటర్ ఉంది. పొద్దున గ్రౌండ్ నుంచి రాగానే ఉడకబెట్టిన గుడ్లు, పాలు, అరటిపండ్లు, రాత్రి వారంలో చాలా రోజులు చికెన్. కారం చాలదని మావాడు ఇంటి నుంచి గోంగూర సీసా తెచ్చుకుంటాడు, అది వేరే సంగతి. ఇండోర్‌లో చెక్క కోర్టు, మంచి లైట్లు. ఆట నేర్పే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ కూడా మంచి మనిషి, తంబీ తంబీ అంటూనే చెమటలు పట్టిస్తాడు.

చదువు దగ్గరికొస్తే ఓడీ (ఆన్ డ్యూటీ) అనేదొకటి ఉంది, మ్యాచ్‌కి వెళ్తే అటెండెన్స్ పడుతుంది. పడేది అటెండెన్స్ మాత్రమే. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లిన వారంలోనే ఇంటర్నల్ పరీక్ష పెట్టారు, మళ్లీ పెట్టమంటే డిపార్ట్‌మెంట్‌వాళ్లు పీడీ సార్ లెటర్ తెమ్మన్నారు, లెటర్ ఇస్తే హెచ్‌ఓడీ సంతకం లేదన్నారు, ఆ సంతకం దొరికేలోగా మార్కులు అప్‌లోడ్ అయిపోయాయి. సున్నా.

ఇక అసలు విషయం, డబ్బు. ఆఫీసులో ఏం అడిగినా ఒకటే మాట: "మీవాడికి ఏడాదికి రెండున్నర లక్షలు ఇస్తున్నట్టే కదా సార్." ఆ రెండున్నర లక్షలు అని రేటు కట్టింది ఎవరు? వాళ్లే. ఆ బ్రాంచిలో సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి, ఇంకొక కుర్రాడు కూర్చుంటే వాళ్లకి కొత్తగా అయ్యే ఖర్చేంటి? అమ్ముడుపోని చీరకి ఎమ్మార్పీ చూపించి బహుమతి ఇచ్చామన్నట్టుంది. హాస్టలు, మెస్ నిజమైన ఖర్చే, ఒప్పుకుంటా. దానికి బదులుగా వాడు పొద్దున్నే అయిదున్నరకి కోర్టులో ఉండాలి, సాయంత్రం మళ్లీ ఉండాలి. ఊళ్లో సంక్రాంతికి ప్రైజు మనీ టోర్నమెంట్ జరుగుతుంది, అందులో కూడా కాలేజీ పర్మిషన్ లేకుండా ఆడకూడదట.

మెయిన్ రోడ్డు మీద పెద్ద హోర్డింగ్ పెట్టారు. మావాడు గాల్లోకి ఎగిరి స్మాష్ కొడుతున్న ఫొటో, కింద 'అడ్మిషన్స్ ఓపెన్'. వాణ్ని ఎవరూ అడగలేదు. వాడు మాత్రం తెగ సంబరపడి "మామయ్యా చూడు" అని నాకు పంపాడు. ఎంతిచ్చార్రా అంటే "టీషర్ట్ ఇచ్చారు" అన్నాడు. అదే కోర్టులో మోకాలు మెలికపడితే ఐస్ పెట్టి క్రేప్ బ్యాండేజ్ కట్టారు, స్కానింగ్, ఫిజియోథెరపీ బిల్లులు మాత్రం మా అక్క కట్టింది.

కాలేజీకి ఆడే పిల్లలకి డబ్బివ్వాలా అనే ఈ గొడవ అమెరికాలో ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. యూసీఎల్ఏ అనే యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన ఎడ్ ఓబానన్, వీడియో గేమ్‌లో అచ్చం తనలాంటి ఆటగాణ్ని చూసి 2009లో కేసు వేశాడు. మనవాడి హోర్డింగ్ లాంటి గొడవే. 2021లో ఆల్‌స్టన్ అనే ఆటగాడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ, చదువుకి సంబంధించిన సాయానికి పరిమితి పెట్టకూడదని, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ ఏడాది జూలై నుంచే ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ కూడా ఒప్పుకుంది. 2025 జూన్‌లో, గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరున నడిచిన కేసులో రాజీకి కోర్టు ఆమోదం వచ్చాక, ఆ రాజీకి ఒప్పుకున్న ఒక్కో కాలేజీ తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకి పంచొచ్చన్నారు.

అలా ఇక్కడా పంచమని నేననను. ఇంటర్ యూనివర్సిటీ వాలీబాల్‌కి టికెట్ ఎవరు కొంటారు, టీవీ హక్కులు ఎవరు కొంటారు? పైగా అక్కడ ఆ డబ్బులో ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కీ మగపిల్లల బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. ఇక్కడ కనీసం అమ్మాయిల టీముకీ ఇదే సీటు, ఇదే మెస్. ఒక ఫ్రెండ్ అంటాడు, జీతాలిస్తే డబ్బున్న కాలేజీలే మంచి ప్లేయర్లందర్నీ ఎత్తుకుపోతాయని. ఇప్పుడు జరుగుతున్నదేంటి మరి? ఈ ఫ్రీ సీట్లతోనే ఎత్తుకుపోతున్నారు కదా.

నేనడిగేది చిన్నదే. మన దగ్గర కాలేజీకి ఆటవల్ల వచ్చేది అడ్మిషన్లు. కాబట్టి ఫొటో వాడుకుంటే డబ్బివ్వాలి, ఆటలో దెబ్బ తగిలితే పూర్తి ఖర్చు పెట్టుకోవాలి, నెలకి ఎంతో కొంత స్టైపెండ్ చేతికివ్వాలి. కేంద్రం క్రీడా పథకం ఖేలో ఇండియా కింద ఎంపికైన పిల్లలకి శిక్షణ, వసతి కాక చేతి ఖర్చులకి నెలకి 10,000 రూపాయలు ప్రభుత్వమే ఇస్తోంది. చేతికి డబ్బొస్తే చదువు పాడైపోతుందని అక్కడ ఎవరూ గగ్గోలు పెట్టలేదు.

చేర్పించేవాళ్లు సంతకం పెట్టేముందు కాగితం చివరిదాకా చదవండి. మా దాంట్లో నాలుగో పేజీలో ఉంది, టీములో చోటు పోతే ఆ ఏడాది నుంచి మొత్తం ఫీజు కట్టాలని. గాయం వల్ల పోయినా అంతేనా అంటే ఎవరూ సరిగ్గా చెప్పరు, ముందే రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి, దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకి చెప్పింది.

రెండో ఏడాదికీ మావాడు అక్కడే ఉంటాడు, ఆ కోర్టు వదిలి రానంటున్నాడు. ఫిజియో బిల్లుల గురించి మేనేజ్‌మెంట్‌కి లెటర్ పెట్టమని పీడీ సారే చెప్పారు, పెట్టాను. డబ్బు వస్తే రేటింగ్ నాలుగు చేస్తాను.