కారు ఆరబెట్టేందుకు కరెంటు బ్లోయరా, బ్యాటరీ బ్లోయరా?

భీమవరం, అమలాపురం వంటి డెల్టా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల కడిగిన కారు త్వరగా ఆరదు. పైగా తీరానికి దగ్గరలో బోరు నీరు ఉప్పగా ఉన్నచోట, ఆ నీరు ఆవిరైన తరువాత లవణాలు రంగు మీద తెల్లటి మరకలుగా మిగిలిపోతాయి. అందుచేత నీరు ఆరిపోకముందే దానిని ఊది తొలగించడం ముఖ్యం.

కార్ల కోసమే తయారైన కరెంటు బ్లోయర్లలో చాలావాటికి గాలి లోపలికి వెళ్లే చోట ఫిల్టరూ, గొట్టం చివర మెత్తని రబ్బరు మూతీ ఉంటాయి. మోటారు వేడి వల్ల గాలి కూడా కొంత వెచ్చగా వస్తుంది. పక్క అద్దాల వెనుక, తలుపు పిడుల కింద, చక్రాల బోల్టుల మధ్య దాగిన నీటిని, గుడ్డ చేరలేని ఆ నీటిని, ఇది ఆగకుండా బయటికి నెడుతుంది. అయితే తడి నేల మీద తీగను లాగుతూ పనిచేయాలి కనుక, సరైన ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు రక్షణా లేని ప్లగ్గుకు దీనిని తగిలించడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను.

ఆకులు ఊడ్చే బ్యాటరీ బ్లోయరుతో అలా కరెంటు షాకు కొట్టే ప్రమాదం లేదు, కరెంటు పోయినా పని ఆగదు. కానీ దానికి సాధారణంగా ఫిల్టరు ఉండదు కాబట్టి, వరి కోతల రోజుల్లో గాలిలో తేలే ఊక ధూళిని పీల్చి తడి రంగు మీదికే కొట్టవచ్చు. పూర్తి వేగంలో బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు కూడా.

ఇంట్లో ఒక్క కారు ఉన్నవారికి బ్యాటరీ రకమూ, తోడుగా మంచి మైక్రోఫైబర్ తువ్వాలూ చాలు. రోజంతా కార్లు కడిగే సర్వీసింగ్ సెంటరు మాత్రం కరెంటు రకమే తీసుకోవాలి.